రెండు హెల్మెట్ల బొమ్మ

"బేరం ఆడలేదా? అస్సలు?"

"లేదండీ. మా ఆయన చెప్పిన రేటు విన్నాడు, సరే అన్నాడు. అంతే."

డిటెక్టివ్ రాసుకోవడం ఆపింది. సెకండ్‌హ్యాండ్ బండి కొనడానికొచ్చి చెప్పిన రేటుకి నోరు మూసుకుని తలూపేవాడిని ఆవిడ ఇంతవరకూ చూడలేదు. సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరవకముందు ఆరేళ్ళు ఓ ఇన్సూరెన్సు కంపెనీలో బండ్ల క్లెయిములు చూసింది. అక్కడ నేర్చుకున్న పాఠం ఒకటే: మనుషులు ప్రేమ గురించి చెప్పే అబద్ధాల కంటే, సొట్టల గురించి చెప్పే అబద్ధాలే ఎక్కువ.

"ఎన్నింటికొచ్చాడు?"

"పదిన్నరకి. గేటు దగ్గర ట్యాక్సీ దిగాడు. హెల్మెట్ పెట్టుకునే దిగాడు."

"కారులో హెల్మెట్ పెట్టుకునా?"

"హెల్మెట్ అద్దం కూడా దించుకునే ఉన్నాడు. బండి ఎక్కే తొందరేమో అనుకున్నా." కళ్ళు తుడుచుకుంది. "అప్పుడే అనుమానం రావాలి కదండీ నాకు? రాలేదు. నా బుర్రకి ఏమైందో."

"మీ బుర్ర బానే ఉంది. ఇంకేం అడిగాడు?"

"ఒక్కటే అడిగాడు. 'కెమెరా కూడా బండితోనే వస్తుందా?' అని."

డిటెక్టివ్ ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

డిటెక్టివూ, బండి ఓనరు భార్యా ఉన్నది ఇంటి పక్కనున్న బండి షెడ్డులో. స్పానర్లన్నీ గోడకి వేలాడుతున్నాయి. ప్రతి స్పానరు చుట్టూ దాని ఆకారం గోడ మీద పెన్సిల్‌తో గీసుంది, ఏది ఎక్కడ పెట్టాలో తేడా రాకుండా. మధ్యలో రబ్బరు చాప. చాప మీద ఉండాల్సిన బండి లేదు. బండి ఓనరూ లేడు.

ఓనర్ని వీధంతా కిలోమీటర్ గారనే పిలుస్తుంది. పాల ప్యాకెట్టుకి వెళ్ళినా "ఒకటి పాయింట్ రెండు" అని చెప్పి మరీ వెళ్ళే మనిషి. పదకొండేళ్ళు టూరింగ్ బండి మీద తిరిగి తిరిగి నడుం పోగొట్టుకున్నాడు. ఇంకో టూరంటే ఇక మంచమేనని డాక్టరు తేల్చి చెప్పడంతో, నిన్న శుక్రవారం పొద్దున నెట్‌లో అమ్మకానికి పెట్టాడు. ఇవాళ పదీ నలభైకి, కొనేవాడు ముందు, ఈయన వెనక కూర్చుని టెస్ట్ రైడ్‌కి బయల్దేరారు. పన్నెండుం బావుకి, డ్యామ్ పైన కొండ మీదున్న వ్యూ పాయింట్ దగ్గర బండి ఒక్కటే కనబడింది. పిట్టగోడ మీద ఈయన జాకెట్టు, ఫోను. కింద నీళ్ళు.

నీళ్ళలోకి దూకేశాడని ఇన్‌స్పెక్టరు అరగంటలో తేల్చేశాడు. గజ ఈతగాళ్ళు సాయంత్రం ఐదింటిదాకా వెతుకుతారు. ఐదు దాటితే ఫైలు మూస్తారు. మనిషి ఇంకెక్కడైనా ప్రాణాలతో ఉంటే, ఐదు దాటాక అతని కోసం వెతికేవాళ్ళు ఈ భూమ్మీద ఒక్కరూ ఉండరు.

ఇప్పుడు రెండూ పది.

"ఆయన వెనక ఎందుకు కూర్చున్నారు?"

"పరాయివాళ్ళకి బండిచ్చి ఇంట్లో కూర్చునే మనిషి కాదు. ఎవరు నడిపినా ఆయన వెనక ఎక్కాల్సిందే. ఎక్కేముందు సీటు కింద నాబ్ తిప్పారు. ఇద్దరెక్కితే వెనక స్ప్రింగు గట్టిగా ఉండాలట. దాని మీద బొమ్మలుంటాయి. ఒక హెల్మెట్టు, రెండు హెల్మెట్లు, రెండు హెల్మెట్లూ ఒక సంచీ." ఏడుపు మధ్యలో చిన్న నవ్వు తప్పించుకు వచ్చింది. "నేనెక్కితే మటుకు సంచి బొమ్మ దాకా తిప్పుతారు. సంచి లేకపోయినా."

డిటెక్టివ్ నవ్వాపుకుని ఫోన్లో ప్రకటన తీసింది. పెద్ద విండ్‌షీల్డు, ఫాగ్ లైట్లు, చలికి వేడెక్కే గ్రిప్పులు, ఇంజను గార్డు, ముందూ వెనకా కెమెరాలు, రెండు వైపులా రెండు, వెనక ఒకటి, మొత్తం మూడు అల్యూమినియం పెట్టెలు. మొదటి ఓనర్నే. ఒక్కసారి కూడా కింద పడలేదు. కెమెరా కార్డులో నా టూర్ల వీడియోలున్నాయి, కొత్త ఓనరుకి దారులు తెలుస్తాయని అవి కూడా ఇచ్చేస్తున్నా.

ప్రకటనలో మీటరు ఫోటో కూడా ఉంది. ఇవాళ పొద్దున తొమ్మిదింటికి కొత్తగా తీసి మార్చింది. 48,212. పాతబండి అమ్మేవాళ్ళు మీటరు తగ్గించి చూపిస్తారు. ఈయన ఒక్క కిలోమీటరు పెరిగినా ఫోటో మార్చే రకం.

"ఈ కెమెరా ఎప్పుడు రికార్డు చేస్తుంది?"

"ఎప్పుడూ! బండి ఆపేసున్నా, ఎదురుగా ఏదైనా కదిలితే దానంతటదే మొదలవుతుంది. పక్కింటి పిల్లి వీడియోలే వందున్నాయి."

"కార్డు ఇప్పుడెక్కడుంది?"

"తెలీదండీ. నిన్న రాత్రి కార్డు తీసి కంప్యూటర్లో చూస్తూ కూర్చున్నారు. మొహం ఎలాగో ఉంది. ఏంటండీ అంటే, 'ముందు ఒకళ్ళని అడగాలి, తర్వాత చెప్తా' అన్నారు. ఎవరికో ఫోన్ చేశారు కూడా. నేను పడుకున్నా."

డిటెక్టివ్ లేచి చాప చుట్టూ తిరిగింది. నేల ఇంకా తడిగా ఉంది, పొద్దున బండి కడిగినట్టున్నారు. చాప అంచు పక్కన సిమెంటు మీద జానెడు గీత. వంగి వేలితో రాసింది. వేలికి వెండిరంగు పొడి అంటింది.

"ఇదేంటి?"

"అదా..." ఆవిడ చూపు స్పానర్ల మీదకెళ్ళింది. "పాతదేనండీ."

పాత గీతలో మెరిసే పొడి ఉండదు. నిలదీద్దామనుకునేలోపు గుమ్మంలో నీడ పడింది.

"అక్కా, వ్యాన్ తిప్పి పెట్టాను. వెళ్దామా?"

వచ్చింది మెకానిక్. ముప్ఫై ఐదేళ్ళుంటాయి, మోచేతులదాకా గ్రీజు. ఆ బండికి మొదట్నుంచీ చెయ్యేసింది అతనొక్కడే. కిలోమీటర్ గార్ని బావా అంటాడు, ఆవిడ్ని అక్కా అంటాడు. మధ్యాహ్నం వార్త తెలిసినప్పట్నుంచీ ఆవిడ వెన్నంటే ఉన్నాడు. నీళ్ళు తాగించిందీ, డిటెక్టివ్‌కి ఫోన్ చేస్తుంటే సిగ్నల్ దొరికే మూల చూపించిందీ అతనే.

"నువ్వు ఆ బండిని ఆఖరిసారి ఎప్పుడు చూశావ్?" డిటెక్టివ్ అడిగింది.

"సర్వీసుకే మేడమ్. పది రోజులైంది. రెండ్రోజులు నా షెడ్డులోనే ఉంది. చెయిన్ మార్చా, ఆయిల్ మార్చా, పంపించేశా. మళ్ళీ చూళ్ళేదు." గొంతు బొంగురుపోయింది. "ఇవాళిలా చూస్తాననుకోలేదు."

* * *

వ్యూ పాయింట్ అంటే కొండ మలుపులో ఓ సిమెంటు చప్టా, దానికో పిట్టగోడ. ఇంటినుంచి సరిగ్గా పదహారు కిలోమీటర్లు. మూడింటికి చేరారు. ఇన్‌స్పెక్టరు గోడకానుకుని, పొట్టమీద చేతులు కట్టుకుని, కింద పడవలో తిరుగుతున్న గజ ఈతగాళ్ళని చూస్తున్నాడు. భారీ మనిషి. జీపు లేదు, అవతలి గట్టుకి తాళ్ళు, సామాను తీసుకెళ్ళిందట.

డిటెక్టివ్‌ని చూడగానే మొహం చిట్లించాడు. "వచ్చారా స్క్రూడ్రైవర్ మేడమ్! ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా."

ఇద్దరికీ పాత లెక్కలున్నాయి. పోయినేడాది అతను యాక్సిడెంటని రాసిన కేసుని ఈవిడ బ్యాగులోంచి స్క్రూడ్రైవర్ తీసి, కారు డోరు విప్పి, హత్యని తేల్చింది. పేపర్లో ఈవిడ ఫోటో పడింది. అతనిది పడింది గానీ, సగమే.

"కొనేవాడెక్కడ సార్?" అంది.

"మధ్యలో దిగిపోయుంటాడు. బండి నచ్చలేదేమో."

"చెప్పిన రేటుకి సరే అన్నవాడికి నచ్చలేదా?"

"చూడమ్మా. నడుం పోయింది. ప్రాణంగా చూసుకున్న బండి అమ్ముకోవాల్సొచ్చింది. ఆఖరిసారి ఇష్టమైన చోటికొచ్చాడు, ఆపాడు, జాకెట్టు మడతపెట్టాడు. ఇందులో మీ స్క్రూడ్రైవర్ దూరే సందెక్కడుంది?"

వెనకాల కిలోమీటర్ గారి భార్య ఆ మాట విని మెకానిక్ భుజం పట్టుకుంది.

అప్పుడే కరకరమని చప్పుడు. కానిస్టేబుల్ ఒకతను బండి ఎడమవైపు పెట్టె మూత కింద గడ్డపార దూరుస్తున్నాడు.

"తాళం తిరుగుతోంది సార్, మూత రావట్లేదు. ఇరుక్కుపోయింది."

"విరగ్గొట్టు. ఉత్తరం ఏదన్నా రాసుంటే అందులోనే ఉంటుంది."

"అయ్యో, ఆగండి ఆగండి!" మెకానిక్ ఒక్క ఉదుటున వెళ్ళి గడ్డపార లాగేసుకున్నాడు. "అంత మంచి పెట్టెని అలా పొడుస్తారా ఎవరైనా? జరగండి."

పెట్టెకి మోకాలు ఆనించి నొక్కాడు. మూతని పైకి కాకుండా తనవైపుకి గుంజాడు. టక్కుమని ఊడింది. రెండు సెకన్లు కూడా పట్టలేదు.

"భలే తీశావే!" డిటెక్టివ్ నిజంగానే మెచ్చుకుంది.

"చెయ్యి తిరిగిన పని మేడమ్."

లోపల ఉత్తరం లేదు. రెయిన్‌కోటు, పంక్చర్ కిట్టు, గాలి పంపు, కవర్లో చుట్టిన రెండో జత సాక్సులు. సాక్సుల్ని చూడగానే ఆయన భార్య ఆ కవరు లాక్కుని పిట్టగోడ వైపు నడిచింది. ఎవరో చచ్చిపోయారంటే నమ్మని మనసు, సాక్సులు చూస్తే నమ్మేస్తుంది కాబోలు.

"అక్కని ఇంటికి తీసుకెళ్తా మేడమ్. ఇక్కడుంటే ఈవిడ ఇంకేదైనా చేసుకునేలా ఉంది," అన్నాడు మెకానిక్.

"అదే మంచిది. వెళ్ళండమ్మా, ఏదైనా తెలిస్తే వెంటనే ఫోన్ చేస్తా." డిటెక్టివ్ స్వయంగా వ్యాన్ తలుపు తీసి, ఆవిడ్ని ఎక్కించి, సీటు బెల్టు కూడా పెట్టింది.

తర్వాత చాలా కాలం ఆ సీటు బెల్టు డిటెక్టివ్ కలలోకొచ్చింది.

* * *

వ్యాన్ మలుపు తిరిగాక డిటెక్టివ్ బండి ముందు గొంతుక్కూర్చుంది. కెమెరా తలుపు తెరిచుంది, కార్డు పెట్టే సందు ఖాళీ. ఇన్‌స్పెక్టరు దగ్గరున్న ప్లాస్టిక్ కవర్లోంచి తాళం అడిగి తీసుకుని, పెట్టి తిప్పింది. మీటరు వెలిగింది.

48,251.

"ముప్ఫై తొమ్మిది," అంది.

"ఏంటి?"

"పొద్దున తొమ్మిదికీ ఇప్పటికీ బండి తిరిగిన కిలోమీటర్లు. ఇంటినుంచి ఇక్కడికి పదహారే. మిగతా ఇరవై మూడు ఎక్కడికెళ్ళింది?"

"టెస్ట్ రైడమ్మా! తిరుగుతారు. కొనేవాడు గేట్లోంచి గేట్లోకి నడిపి చూస్తాడా?"

నిజమే. బండి పక్కకొచ్చి సీటు కింద చెయ్యి పెట్టి నాబ్ వెతికింది. నల్లటి గుండ్రటి నాబ్, దాని పక్కన తెల్లరంగు బొమ్మలు. బాణం గుర్తు ఒక హెల్మెట్ దగ్గర ఆగుంది.

"సార్, ఇలా రండి. బయల్దేరేటప్పుడు ఆయన దీన్ని రెండు హెల్మెట్ల దగ్గర పెట్టాడు. భార్య చూసింది. ఇప్పుడు ఒకటి మీదుంది."

"కొనేవాడు దిగిపోయాక ఒక్కడే అయ్యాడు కదా. తిప్పుకున్నాడు."

"దేనికి? చావడానికి వెళ్తున్నవాడు, గతుకుల్లో ఒళ్ళు కదలకూడదని స్ప్రింగు సెట్ చేసుకుంటాడా?"

ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకున్నాడు. "అలవాటు."

"అలవాటే. ఒప్పుకుంటా. దొంగకి ఆ అలవాటు ఉండదు. నాకూ మీకూ ఉండదు. ఎక్కుతాం, పోతాం. బండి ఎక్కగానే వెనక స్ప్రింగు తేడాగా ఉందని నడుముకి తెలిసిపోయి, చెయ్యి దానంతటదే కిందకెళ్ళి తిప్పేసే మనిషి ఎవరు?"

"కిలోమీటరే."

"లేదా?"

"లేదా ఏముంది? మీకు ప్రతీదీ హత్యలాగే కనబడుతుంది." గొంతు పెంచాడు. "ఐదింటికి నా మనుషులు పైకొస్తారు. ఆ తర్వాత మీరు ఈ నాబ్ తిప్పుకుంటూ ఎంతసేపైనా కూర్చోండి!"

"మనిషి బతికుంటే?"

"ఉంటే సంతోషమే. నాకేమన్నా శత్రువా? చూపించండి, ఎక్కడున్నాడో!"

అదే తెలీదు. ఆవిడ లేచి ఎడమవైపు పెట్టె దగ్గరికెళ్ళింది. ఎందుకో దాని మీదే మనసు పీకుతోంది. మూత వేసింది. పైకి లాగింది. రాలేదు. ఇంకా గట్టిగా లాగింది. గోరు విరిగింది గానీ మూత కదల్లేదు. వంగి కిందనుంచి చూసింది. పెట్టె కింది మూల నొక్కుకుపోయి, గొళ్ళెం పక్కకి వంగుంది. కెమికల్‌తో తుడిచి, మెరుగుపెట్టి, సొట్ట పైకి కనబడకుండా చేశారు గానీ, అల్యూమినియం మీద గీత పచ్చిగా ఉంది.

ప్రకటనలో ఈ పెట్టె ఫోటో తీసి చూసింది. నిన్నటి ఫోటో. మూల నున్నగా, చెక్కుచెదరకుండా ఉంది.

ఒక్కసారి కూడా కింద పడలేదు.

ఫోన్ మోగింది. కిలోమీటర్ గారి భార్య.

"మీకో అబద్ధం చెప్పానండీ." ముక్కు చీదిన చప్పుడు, వెనక వ్యాను రొద. "ఇందాకట్నుంచీ చెప్పాలా వద్దా అనుకుంటున్నా. ఆ గీత పాతది కాదు. పొద్దున బండి కడుగుతుంటే, తొమ్మిదిన్నరకి, నేనే చెయ్యి తగిలించి పడేశాను. ఎడమవైపుకి పడింది. పెట్టె నొక్కుకుపోయింది. ఆయన ఎంత తిట్టారో! పదకొండేళ్ళలో పడని బండి, అమ్మే రోజున పడేశావన్నారు. ఎవరికీ చెప్పొద్దు, కొనేవాడికి తెలిస్తే రేటు కోసేస్తాడు, అని కూర్చుని మెరుగుపెట్టారు. అదేనండీ, మేం సరిగ్గా మాట్లాడుకున్న ఆఖరి మాట. తిట్టే ఆఖరి మాట."

డిటెక్టివ్ పెట్టె మూత మీద చెయ్యి వేసింది. "పెట్టె తెరుచుకుందా తర్వాత?"

"మామూలుగా రాలేదు. మోకాలితో నొక్కి, ముందుకి గుంజితే వచ్చింది. అరగంట కుస్తీ పట్టాక ఆయన కనిపెట్టారు. మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ..."

ఆవిడ అక్కడ ఆగింది. ఆవిడకి తట్టలేదు. డిటెక్టివ్‌కి తట్టింది.

పది రోజులుగా బండిని చూడలేదన్న మనిషి. కానిస్టేబుల్ గడ్డపారతో తీయలేని మూత. తాళం తిప్పి చూడలేదు, వంగి చూడలేదు, ఒకసారి పైకి లాగి కూడా చూడలేదు. నేరుగా మోకాలు పెట్టాడు. తొమ్మిదిన్నర తర్వాత ఈ పెట్టెతో అతనూ కుస్తీ పట్టాడు. కార్డు కోసం. మంచి పెట్టెని ఎవడో పాడుచేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు, అంతే. ఆ రెండు సెకన్లు వాడిలో మెకానిక్కే ఉన్నాడు, దొంగ లేడు.

బండి రెండ్రోజులు అతని షెడ్డులో ఉంది. ఆపేసున్నా, ఎదురుగా కదిలింది కదిలినట్టు రికార్డు చేసే కెమెరాతో. బయటికి తెలియకూడనిది ఏం కదిలిందో కిలోమీటర్ గారు నిన్న రాత్రి చూశాడు. ముందు ఒకళ్ళని అడగాలన్నాడు. ఆ ఒక్కడూ ఇతనే. అడిగాడు.

హెల్మెట్ తీయని ఆ కొనేవాడు ఇతను పంపినవాడే, ఇక్కడికి ఒక్కడే బండి నడుపుకొస్తూ నాబ్ తిప్పింది మటుకు ఇతను. ఎక్కడున్నారని నోరు తెరవబోయి ఆగిపోయింది. ఇందాక తనన్న మాట, పెట్టె తెరుచుకుందా తర్వాత, అర సెకను ఆలస్యంగా తన చెవిలోకే తిరిగొచ్చింది. ప్రతిధ్వని. ఆవిడ ఫోను చెవి దగ్గర లేదు. వ్యాన్ స్పీకర్లకి కలిపుంది.

అంటే ఇదంతా అతనూ వింటున్నాడు.

"ఓ, అంతేనా!" అంది డిటెక్టివ్, వీలైనంత విసుగ్గా. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి కళ్ళతోనే బతిమాలింది. "అది పెద్ద విషయం కాదులెండి. ఇక్కడ చూస్తే ఇన్‌స్పెక్టరు గారు చెప్పిందే కరెక్టులా ఉంది. నేనే అనవసరంగా గింజుకున్నా. ఆయన చాలా తెలివైనవారు."

ఇన్‌స్పెక్టరు కళ్ళు గుండ్రంగా అయిపోయాయి. ఈవిడ నోట ఆ మాట వచ్చిందంటే ఏదో ఘోరం జరుగుతోందని అతనికి ఆ క్షణమే అర్థమైంది. చప్పుడు చెయ్యకుండా పక్కకొచ్చి ఫోనుకి చెవి ఆనించాడు.

"మీరు ఇంటికెళ్ళి పడుకోండమ్మా. ఎంతసేపట్లో చేరతారు?"

"కొంచెం లేటవుతుందండీ. తమ్ముడు పాత టైర్ల గోడౌన్లో ఏదో తీసుకోవాలట. అటు తిప్పాడు. తమ్ముడూ, ఎంతసేపు పడుతుంది?"

వ్యాన్ ఇంజను చప్పుడు పెరిగింది.

"మేడమ్." మెకానిక్ గొంతు. అదే మర్యాద, అదే బొంగురు. "మీరు నన్ను చూస్తూనే ఉన్నారు కదా, పెట్టె తీసినప్పుడు. భలే తీశావన్నారు కూడా. నేనప్పుడే అనుకున్నా."

"తమ్ముడూ, ఏంట్రా, ఏమంటున్నావ్..."

లైను తెగింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

ఇన్‌స్పెక్టరు నడుం దగ్గర్నుంచి వైర్‌లెస్ లాగాడు. "పాత టైర్ల గోడౌను నాకు తెలుసు. పోయినేడాది అక్కడ మంటలు లేస్తే నేనే వెళ్ళా. చుట్టుపక్కల ఒక్క ఇల్లుండదు." వైర్‌లెస్‌లో అరిచాడు. అవతలివాళ్ళేదో అన్నారు. "అటువైపు బండి చేరేసరికి నలభై నిమిషాలట. నా జీపు అవతలి గట్టునుంచి రావడానికే అరగంట."

"గోడౌను ఇక్కడికెంత?"

"పద్దెనిమిది."

"కిలోమీటర్ గారింటికి?"

"ఇరవై... ఇరవై ఒకటి." అని, వేళ్ళ మీద లెక్కేసుకుని, ఆగిపోయాడు. ఇంటినుంచి గోడౌనుకి ఇరవై ఒకటి. గోడౌను నుంచి ఇక్కడికి పద్దెనిమిది. తలెత్తి మీటరు వైపు చూశాడు.

"ముప్ఫై తొమ్మిది," అన్నాడు. ఈసారి అతనే.

"కార్డు దొరికుంటే ఇప్పుడావిడ్ని అటు తీసుకెళ్ళేవాడు కాదు. ఆయన నోరు విప్పట్లేదు, అందుకే ఈవిడ కావాలి. ఆయన బతికే ఉన్నాడు సార్. ఆవిడ్ని ఆయన ముందు నిలబెట్టేదాకా మటుకే."

వ్యాన్ వెళ్ళి పన్నెండు నిమిషాలు. అందులో ఆవిడ్ని ఎక్కించింది తనే, బెల్టు పెట్టింది తనే. డిటెక్టివ్ బండి హ్యాండిల్ పట్టుకుని స్టాండు తీసింది.

"ఏయ్! అది ఎవిడెన్సు!"

"అవును. పద్దెనిమిది కిలోమీటర్లు నడిచొస్తారా?"

"మీకిది నడపడం వచ్చా?"

"ఆరేళ్ళు క్లెయిముల్లో చేశా సార్. గుద్దేసిన బండ్లే నడిపా, ఇది బానే ఉంది."

ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం నీళ్ళకేసి, ఒక్క క్షణం రోడ్డుకేసి చూశాడు. కానిస్టేబుల్‌ని పిలిచి, పైకొచ్చేయమని గజ ఈతగాళ్ళకి చెప్పమన్నాడు. టోపీ బిగించి, నడుం దగ్గర తుపాకీ ఉందో లేదో తడుముకుని, కాలెత్తి వెనక ఎక్కాడు. బండి వెనకభాగం మూలిగి కిందకి దిగింది.

ఆవిడ స్టార్టు నొక్కబోయి ఆగింది. సీటు కిందకి చెయ్యి పోనిచ్చి నాబ్ పట్టుకుంది. కిర్రు, కిర్రు. రెండు హెల్మెట్లు. భుజం మీదుగా ఇన్‌స్పెక్టరు పొట్ట చూసి, సంచి బొమ్మ దాకా తిప్పేసింది.

"ఏం చేస్తున్నారమ్మా ఇప్పుడు?"

"అలవాటు చేసుకుంటున్నా. గట్టిగా పట్టుకోండి."